నెట్‌లో గడిపే సమయం దండగేనా?

రోజుకి రెండు గంటలు నెట్‌లో పోతున్నాయి, దండగేనా అని అడిగారు. ఆ రెండు గంటలూ ఏం చేస్తున్నారన్నది ముందు చూడాలి.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అందులోకి వెళ్లింది. మా మేనకోడలు చదివేది బరంపురంలో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మాట్లాడటం వచ్చుగానీ తెలుగు చదవలేకపోయేది. ఈ వేసవిలో ఫోన్లో గుణింతాల వీడియో పెట్టుకుని, ఆపుతూ, వెనక్కి జరుపుతూ పలక మీద దిద్దింది. 'ఖ'లో మెలిక కుదరక ఎన్నిసార్లు చెరిపిందో! దసరాకి వాట్సాప్‌లో మా అమ్మకి తెలుగులో రాసింది: "అమ్మమ్మా, అరిసెలు పంపు." అమ్మ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ మళ్లీ చదివింది. అది వృథా అని నేను చచ్చినా ఒప్పుకోను.

చదవడం వచ్చాక నెట్‌లో చదవడానికీ బోలెడు ఉంది. పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలుగు వికీపీడియా 2003 నుంచీ ఉంది.

రీల్స్ సంగతి వేరు. ఒకటి అయ్యేలోపే ఇంకొకటి సిద్ధం, ఆపడానికి చోటే ఉండదు. నిన్న రాత్రి చూసినవాటిలో ఎన్ని గుర్తున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. గుర్తులేనివాటికి పట్టిన సమయాన్ని తగ్గించుకోండి.