చీలికకు ముందున్న గంటలు

చిరంజీవికి ఆశీస్సులు.

కణ విభజన మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. భాష తేటగా ఉంది. అయితే వ్యాసంలో ముప్పాతిక భాగం క్రోమోజోముల కదలికలకే పోయింది, అంతకుముందు కణం చేసుకున్న పనంతా ఒక్క వాక్యంలో ముగిసింది. ప్రయోగశాలలో పెంచే మానవ కణం ఒక చక్రం, అంటే ఒక విభజన నుంచి తర్వాతి విభజన దాకా, పూర్తి చేయడానికి సుమారు 24 గంటలు తీసుకుంటే, అందులో క్రోమోజోములు రెండు సమాన వాటాలుగా విడిపోయే సమవిభజనకు పట్టేది దాదాపు ఒక గంట మాత్రమే. కంటికి ఇంపుగా కనబడేది ఆ గంటే కాబట్టి అందరి కలమూ అటే పోతుంది. 1882లో జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ ఫ్లెమింగ్ సలమాండర్ కణాలకు రంగు వేసి చూపించింది కూడా దారాల్లా కనబడే ఆ క్రోమోజోముల కదలికనే. అవి కనబడడానికి చాలా ముందే డీఎన్ఏకు నకలు తయారవుతుందని 1953లో హోవర్డ్, పెల్క్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. ఒక రకం చిక్కుడు మొక్క వేళ్లకు రేడియోధార్మిక భాస్వరం అందించి, కణాలు దాన్ని ఎప్పుడు డీఎన్ఏలో చేర్చుకుంటున్నాయో వాళ్లు గమనించారు. నకలుకు ముందున్న విరామం జి1, నకలు తయారయ్యే దశ ఎస్, ఆ తర్వాతి విరామం జి2 అనే వర్గీకరణ అక్కడి నుంచి వచ్చిందే. నీ కథ అక్కడ మొదలుకావాలి.

పెరగడమూ చీలడమూ ఒకే పని అన్నట్టు రాశావు, అది సరికాదు. ఫలదీకరణం చెందిన కప్ప అండం ఏమాత్రం పెరగకుండానే, దాదాపు అరగంటకొకసారి చీలుతూ, పన్నెండు విభజనల్లో 4,096 కణాలవుతుంది. మొత్తం పరిమాణం మాత్రం అంతే ఉంటుంది. నాడీకణం ఇందుకు తలకిందులు, పెరుగుతుంది గాని చీలదు. ఈ రెండు పనులనూ జతపరిచేది ఏమిటన్న ప్రశ్నకు జీవశాస్త్రవేత్త పాల్ నర్స్ చూసిన పొట్టి ఈస్టు (ఏకకణ శిలీంధ్రం) కణాలను మించిన ఉదాహరణ నాకు తెలియదు. వీ1 అనే జన్యువు పాడైన ఆ కణాలు మామూలు పరిమాణంలో సగానికే విభజనకు దిగుతాయి. అంటే కణం తగినంత పెరిగేదాకా దాన్ని ఆపి ఉంచడమే ఆ జన్యువు పని అన్నమాట.

ఇంకొకటి, కణం విభజన చెందాలని నిర్ణయించుకుంటుందని రాసి ఊరుకోకు. ఆ పని ఏ అణువు చేస్తుందో చెప్పు. సైక్లిన్ అనే ప్రోటీను పోగుపడి, ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించే ఒక కైనేజ్ ఎంజైముతో జతకట్టడం, ఆ జంట చురుకుగా మారడం, విభజన ముగిసేలోపు సైక్లిన్ నాశనమవడం వరుసగా రాస్తే పాఠకుడికి చక్రం ఎలా తిరుగుతుందో తెలుస్తుంది.

క్రోమోజోముల ఘట్టాన్ని పూర్తిగా తీసేయమనను. 46 క్రోమోజోముల్లో ఒక్కదానికి, వాటిని చెరో వైపుకు లాగే కండె పోగులు సరిగా తగులుకోకపోతే, సిద్ధంగా ఉన్న మిగతా 45 కూడా ఆగిపోతాయి. ఆ నిరీక్షణ దగ్గర తీరిగ్గా నిలబడు, సమవిభజనలోని నాలుగు దశల పేర్లను మాత్రం రెండు వాక్యాల్లో దాటించు. క్యాన్సర్ గురించిన పేరా చివర అతికించినట్టుంది. దాన్ని డీఎన్ఏ దెబ్బతిన్నప్పుడు పీ53 అనే ప్రోటీను చక్రాన్ని ఆపే చోటికి మార్చి, మళ్లీ రాసి పంపు.

శుభాకాంక్షలతో.