మావాడు ఫైర్‌మ్యాన్ అవుతానంటున్నాడు, డిప్లొమాకు డబ్బు కట్టమంటారా?

ప్రశ్న: మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ 68 శాతంతో పాసయ్యాడు. పోయిన ఎండాకాలం ఊళ్లో గడ్డివామి అంటుకుంటే ఫైరోళ్లు వచ్చి ఆర్పారు. అది చూసినప్పట్నుంచి ఆ ఉద్యోగమే చేస్తానని పట్టుబట్టాడు. తిరుపతిలో ఒక ఇన్‌స్టిట్యూట్‌వాళ్లు ఏడాది ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా చేస్తే ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. ఫీజు 85 వేలు. కట్టమంటారా? మంటల్లో పని అంటే వాళ్లమ్మకు భయంగా ఉంది.

జవాబు: ఆ 85 వేలు ఇప్పుడే కట్టకండి. మన రాష్ట్రంలో ఫైర్‌మ్యాన్ ఉద్యోగానికి ఆ డిప్లొమా అడగరు. విపత్తు స్పందన, అగ్నిమాపక సేవల శాఖలో ఖాళీలను రాష్ట్ర పోలీసు నియామక మండలి నింపుతుంది. 2018 నవంబరు నోటిఫికేషన్‌లో 400 ఫైర్‌మ్యాన్ పోస్టులు వచ్చినప్పుడు అడిగిన చదువు ఇంటర్మీడియట్. అది మీ అబ్బాయికి ఉంది. ఎంపిక రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్షల మీదే జరుగుతుంది. ప్రైవేటు డిప్లొమా ఉందని ఒక్క మార్కు కూడా ఎక్కువ వేయరు.

అయితే ఒక సంగతి ముందే చెప్పాలి. ఈ పోస్టులు ఏటా పడవు. 2022 నవంబరులో వచ్చిన పోలీసు నోటిఫికేషన్‌లో ఎస్సై, కానిస్టేబుల్ పోస్టులే ఉన్నాయి, ఫైర్‌మ్యాన్ లేదు. ఈ ఒక్క దాని కోసమే ఇంట్లో కూర్చుంటే మూడు నాలుగేళ్లు వృథాగా పోవచ్చు. కాబట్టి డిగ్రీలో చేర్పించండి, పక్కనే తయారీ సాగనివ్వండి. మంటలార్పే ఉద్యోగం రాష్ట్ర శాఖలోనే ఉంటుందనుకోవద్దు, మీ చుట్టుపక్కలే ఇంకో మూడు దారులున్నాయి. వాటి గురించి కింద చెబుతాను. ముందు వాళ్లమ్మ భయం సంగతి చూద్దాం. ఆ పని ఎలా ఉంటుందో తెలిస్తే మీ అబ్బాయికి అది సరిపడుతుందో లేదో మీకే అర్థమవుతుంది.

మీ ఊళ్లో చూసిన గడ్డివామినే తీసుకోండి. పైన నీళ్లు కొడితే మంట అణిగిపోతుంది, జనం ఆరిపోయిందనుకుంటారు. లోపల గడ్డిలో మాత్రం నిప్పు రాజుకుంటూనే ఉంటుంది. పైపొర తడిసి అట్టకట్టి నీళ్లను పక్కకు జార్చేస్తుంది, లోపలికి దిగనివ్వదు. రెండు గంటల తర్వాత గాలి వీస్తే మళ్లీ భగ్గుమంటుంది. అందుకే కొక్కేలతో, పారలతో వామిని విడగొట్టి, పొరపొరకూ నీళ్లు పట్టాలి. ఫైర్‌మ్యాన్ పనిలో ఎక్కువ భాగం ఇలాంటి ఓపికతో కూడిన చాకిరీయే.

ఇక నీళ్ల లెక్క. మామూలు వాటర్ టెండర్‌లో, అంటే నీళ్లు మోసే ఫైరింజన్‌లో 4,500 లీటర్లు పడతాయి. వినడానికి చాలా ఎక్కువ అనిపిస్తుంది. నాజిల్ (పైపు చివరి మూతి) నుంచి నిమిషానికి ఎన్ని లీటర్లు పోతాయో తెలుసుకోవడానికి ఒక సూత్రం ఉంది. నాజిల్ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో వర్గం చేసి, బార్లలో ఉన్న పీడనం వర్గమూలంతో గుణించి, అందులో మూడింట రెండు వంతులు తీసుకోవాలి. 20 మిల్లీమీటర్ల నాజిల్, 4 బార్ల పీడనం అయితే నిమిషానికి సుమారు 533 లీటర్లు. అంటే బండి మొత్తం ఎనిమిదిన్నర నిమిషాల్లో ఖాళీ! అందుకే స్టేషన్‌వాళ్లు ఏ వీధిలో బోరు ఉంది, ఏ కల్యాణ మండపంలో సంపు ఉంది, ఏ చెరువు గట్టు మీదికి బండి పోతుంది అన్నది ముందే రాసి పెట్టుకోవాలి. నీళ్లు ఎక్కడ దొరుకుతాయో తెలియని సిబ్బందికి ఎంత పెద్ద బండి ఇచ్చినా తొమ్మిదో నిమిషంలో చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

అదే నాజిల్ మనిషిని సుమారు 25 కిలోల బలంతో వెనక్కి నెడుతుంది. 63 మిల్లీమీటర్ల హోస్ పైపు 15 మీటర్ల ముక్కలో నీళ్లే దాదాపు 47 కిలోలు తూగుతాయి. మెట్ల మీద రెండు అంతస్తులు ఎక్కించాలంటే ఖాళీగా ఉన్నప్పుడే తీసుకుపోయి, పైన పరిచాక నీళ్లు వదలమని కింద పంపు ఆపరేటర్‌కు చెప్పాలి. తొందరపడి ముందే నీళ్లు వదిలితే మెట్ల మలుపులో పైపు కదలదు, మడత పడిన చోట నీళ్లు ఆగిపోతాయి. డ్రిల్లులో ఇదే వందసార్లు చేయిస్తారు. ఎంపీసీ చదివిన కుర్రాడికి ఈ పని లెక్కలు ఇట్టే ఎక్కుతాయి.

అమ్మగారు మంటకు భయపడుతున్నారు. అసలు ప్రమాదం పొగతో. మూసుకున్న ఇంట్లో వేడిపొగ పైకప్పు కింద పేరుకుంటూ కిందికి దిగుతుంది. నిలబడితే రెండు గుక్కల్లో స్పృహ పోవచ్చు, నేల మీద మాత్రం ఇంకా కాస్త గాలి ఉంటుంది. లోపలికి పోయేవాళ్లు వీపున గాలి సిలిండర్, ముఖానికి మాస్కు వేసుకుని, ఇద్దరిద్దరుగా, ఒక చేయి గోడకు ఆనించి వంగి నడుస్తారు. గోడ వదిలితే సొంత గది సైజు హాల్లో కూడా దారి తప్పుతారు. 6 లీటర్ల సిలిండర్‌ను 300 బార్లకు నింపితే 1,800 లీటర్ల గాలి. కష్టపడే మనిషికి నిమిషానికి 40 లీటర్ల లెక్కన 45 నిమిషాలు. అది కాగితం మీద మాట. భయపడి ఎగశ్వాస పీలిస్తే అరగంటకే అయిపోతుంది. 55 బార్ల దగ్గర విజిల్ మోగుతుంది, అప్పటికి మిగిలేది ఎనిమిది నిమిషాల గాలి. విజిల్ మోగాక ఇంకో గది చూసొస్తాననేవాడికి అక్కడ చోటు లేదు. అమ్మగారికి ఈ మాట చెప్పండి: ఈ ఉద్యోగానికి తెగించే కుర్రాడు అక్కర్లేదు, లెక్క ప్రకారం వెనక్కి తిరిగే కుర్రాడు కావాలి. ప్రమాదం లేదని నేననను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ల జ్ఞాపకార్థమే.

పొగ సంగతి మన జిల్లాలకు కొత్త కాదు. 2022 సెప్టెంబరులో చిత్తూరు రంగాచారి వీధిలో పేపర్ ప్లేట్ల తయారీ కేంద్రం అంటుకుని ముగ్గురు, అదే నెలలో రేణిగుంటలో ఆసుపత్రి పైనే కాపురముంటున్న కుటుంబంలో ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. కింద సరుకో వ్యాపారమో, పైన కాపురం, దిగడానికి ఒకటే మెట్లదారి... ఇలాంటి ఇళ్లు తిరుపతిలో తీర్థకట్ట వీధి, బేరి వీధి వైపు పోతే ఎన్నయినా కనిపిస్తాయి. కింద అంటుకుంటే ఆ మెట్లదారే పొగగొట్టం అవుతుంది. ఇలాంటి చోట ఫైరింజన్ ఎంత వేగంగా వచ్చినా ఆలస్యమే. అందుకే మంచి స్టేషన్ తన పనిలో సగం మంట పుట్టకముందే చేస్తుంది. 1999 నాటి ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం కింద ఎత్తయిన భవనాలకు, బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటి జనం గుమిగూడే చోట్లకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) కావాలి. దీపావళికి తాత్కాలిక టపాసుల దుకాణాలు పెడితే ఒక్కో షెడ్డుకు మధ్య కనీసం 3 మీటర్లు ఉందా, ఇళ్లకూ బడులకూ 50 మీటర్ల దూరం ఉందా, షెడ్లు ఎదురెదురుగా పెట్టారా అని టేపు పట్టుకుని చూడాలి. ఆసుపత్రిలో మాక్ డ్రిల్ పెట్టి నర్సుల చేత మంటలార్పే సిలిండర్ పిన్ను లాగించాలి. ఈ పని పేపర్లో రాదు, ఎవరూ చప్పట్లు కొట్టరు. దీన్ని ఇష్టంగా చేసేవాడే ఊరిని కాపాడతాడని నా గట్టి నమ్మకం.

2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు జనాన్ని బయటికి తెచ్చింది కూడా ఈ శాఖే, ఇతర దళాలతో కలిసి. బావిలో పడ్డ మనిషికీ పశువుకీ కూడా పిలుపు వీళ్లకే వస్తుంది. ఈత రాకపోతే మీ అబ్బాయికి ఈ ఏడే నేర్పించండి. శేషాచలం అడవి మంటలు మాత్రం ప్రధానంగా అటవీ శాఖ పని. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు ముదిరి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది.

ఇప్పుడు తయారీ. అన్నిటికన్నా ముందు ఒక కంటి ఆసుపత్రికి తీసుకుపోయి వర్ణాంధత్వ పరీక్ష చేయించండి. చుక్కల పుస్తకంలో అంకెలు చదివించే పరీక్ష, పది నిమిషాల పని. చాలామంది పిల్లలకు ఈ లోపం ఉన్నట్టు తెలియదు. రెండేళ్లు పరిగెత్తి, రాతపరీక్ష గట్టెక్కి, చివర వైద్య పరీక్షలో వెనక్కి వచ్చేస్తారు. మెల్లకన్ను, మోకాళ్లు రాసుకోవడం, చదును పాదం, కాళ్లలో ఉబ్బు నరాలు కూడా అక్కడ తిరగ్గొట్టే కారణాలే. మెల్లకన్ను సంగతి కంటి ఆసుపత్రిలోనే అడగండి, మిగతావి కూడా అదే రోజు వేరే డాక్టరుకు చూపించండి.

2018లో అడిగిన ఎత్తు 167.6 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల ఆరంగుళాలు. ఛాతీ 86.3 సెంటీమీటర్లు, గాలి పీల్చినప్పుడు 5 సెంటీమీటర్లు పెరగాలి. ఎత్తు అంచుమీద ఉన్నవాళ్లు పొద్దున్నే కొలిపించుకోవడం మంచిది, సాయంత్రానికి వెన్ను నొక్కుకుని సెంటీమీటరు దాకా తగ్గవచ్చు. ఛాతీ దగ్గర ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. కంగారులో మొదటి కొలతకే ఊపిరి బిగబట్టి నిలబడతారు. దాంతో మొదటి అంకె పెరిగి, పీల్చాక తేడా 5 రాదు. మొదటి కొలతకు ఊపిరి మామూలుగా వదిలి నిలబడటం ఇంట్లో టేపుతో అలవాటు చేయండి.

పరుగు 1600 మీటర్లు. కానిస్టేబుల్ పరీక్షలో పరిమితి 8 నిమిషాలు, అంటే 400 మీటర్ల ట్రాక్‌పై ఒక్కో చుట్టుకు రెండు నిమిషాలు. 7 నిమిషాల్లోపు వచ్చేలా తయారైతేనే ఆ రోజు ఎండకూ టెన్షన్‌కూ తట్టుకుంటాడు. మొదటి చుట్టు ఊపుమీద నిమిషం ఇరవైకి కొట్టేసి మూడో చుట్టులో కూలబడేవాళ్లే ఎక్కువ. వారానికి నాలుగు రోజులు చాలు, మిగతా రోజులు కాళ్లకు విశ్రాంతి కావాలి. అలిపిరి మెట్లు ఎక్కడం మంచి కసరత్తే, కానీ పరుగున దిగనివ్వకండి. దిగేటప్పుడే మోకాళ్లు పోతాయి. ఎండాకాలం ఆరున్నరలోపు పరుగు ముగించాలి. ప్రిలిమినరీ రాతపరీక్ష 200 ప్రశ్నలు, మూడు గంటలు. లెక్కలు, రీజనింగ్, ఇంగ్లిష్, సైన్సు, చరిత్ర, భూగోళం, వర్తమానాంశాలు ఉంటాయి. కొత్త నోటిఫికేషన్ రాగానే అందులోని అంకెలే ప్రమాణంగా తీసుకోండి.

ఇంతకుముందు చెప్పిన మూడు దారులు ఇవి. ఒకటి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్‌ఎఫ్) కానిస్టేబుల్ ఫైర్: ఇంటర్ సైన్సు, 18 నుంచి 23 ఏళ్లు, ఎత్తు 170 సెంటీమీటర్లు, 5 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరిగెత్తాలి. వయసు పరిమితి త్వరగా దాటిపోయే దారి కాబట్టి దీని మీద ముందు కన్నెయ్యండి. రెండు, విమానాశ్రయాల అగ్నిమాపక విభాగం. రేణిగుంట లాంటి చోట్ల పనిచేసే జూనియర్ అసిస్టెంట్ ఫైర్ సర్వీస్ పోస్టుకు రెగ్యులర్ ఇంటర్‌లో 50 శాతం చాలు, కానీ డ్రైవింగ్ లైసెన్సు తప్పనిసరి. లైట్ మోటార్ లైసెన్సు అయితే ప్రకటన తేదీకి రెండేళ్ల ముందు తీసుకున్నదై ఉండాలి. చాలామంది పిల్లలు ఈ తేదీ దగ్గరే తప్పిపోతారు. పద్దెనిమిది నిండితే ఈ నెలలోనే ఎల్‌ఎల్‌ఆర్ తీయించండి. 20 ఏళ్లు నిండాక హెవీ లైసెన్సుకూ, స్టేషన్లలో డ్రైవర్ ఆపరేటర్ పనికీ అదే మొదటి మెట్టు. మూడోది శ్రీహరికోట షార్. ఇప్పుడది మన తిరుపతి జిల్లాలోనే ఉంది. అక్కడ ఫైర్‌మ్యాన్ పోస్టుకు పదో తరగతి, గట్టి దేహదారుఢ్యం కావాలి.

ఇంకా పైకి చదవాలనే ఆశ ఉంటే నాగపూర్‌లో కేంద్ర ప్రభుత్వ జాతీయ అగ్నిమాపక కళాశాల ఉంది. అక్కడ ఫైర్ ఇంజినీరింగ్‌లో డిగ్రీ, సబ్ ఆఫీసర్ కోర్సు ఉన్నాయి. కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్ బీటెక్‌కు వాళ్ల సొంత ప్రవేశపరీక్ష రాయాలి. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఆఫీసర్ కావాలంటే ఇంజినీరింగ్ డిప్లొమానో డిగ్రీనో, కొంత అనుభవం, ఆపైన ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చూస్తారు. చెన్నైలోని ప్రాంతీయ కార్మిక సంస్థలో అది ఉంది. ఇంటర్ మీద చేసిన ఏడాది కోర్సు ఆ కుర్చీ దాకా తీసుకుపోదు.

ఇంత చెప్పినా ఆ ఇన్‌స్టిట్యూట్ మీద మనసు పోతుంటే, ఒకసారి వెళ్లి నాలుగు మాటలు అడగండి. ఏ బోర్డు లేక యూనివర్సిటీ గుర్తింపు ఉందో ఉత్తరం చూపించమనండి. గాలి సిలిండర్ సెట్లు ఎన్ని ఉన్నాయో, పంపు నిజంగా నీళ్లు కొడుతుందో కళ్లతో చూడండి. పోయినేడు చేరినవాళ్లలో ఇద్దరి పేర్లు అడిగి వాళ్లతో మాట్లాడండి. ఉద్యోగం గ్యారంటీ అన్న మాటను, రాకపోతే ఫీజు వాపసు అన్న మాటను స్టాంపు కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే లేచి వచ్చేయండి. ఆ డబ్బులో కొంత డ్రైవింగ్ స్కూలుకూ, ఈతకూ, మంచి పరుగు బూట్లకూ పెట్టినా చాలా మిగులుతుంది.

శ్రీకాళహస్తి ఫైర్ స్టేషన్‌కు మీ అబ్బాయిని ఒకసారి పంపండి. వారోత్సవాల్లో అయితే ఇంకా మంచిది. నీళ్లు నిండిన పైపును భుజాన వేసుకుని పది అడుగులు నడవనిమ్మని అక్కడి ఆఫీసరుగారిని అడగమనండి. వీలైతే వాళ్లమ్మను కూడా వెంట తీసుకెళ్లమనండి.