గురక మధ్యలో ఊపిరి ఆగుతోందా?

ప్రశ్న: మాది ఒంగోలు. పెళ్లయి పన్నెండేళ్లు. మా ఆయనకు 42 ఏళ్లు, చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోర్టుకు గ్రానైట్ లారీ తోలతారు. ఇంట్లో పడుకున్న రాత్రి గురకతో ఇల్లు అదిరిపోతుంది. మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడతారు. రెండేళ్లుగా నాకు కంటినిండా నిద్ర లేదు. పిల్లల గదిలో పడుకుంటే మా అత్త 'మొగుడూపెళ్లాలకు పడటం లేదా' అంటోంది. ఆయనకు చెబితే 'నేనెక్కడ గురకపెట్టాను' అని కోప్పడతారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, రెండేళ్ల నిద్రలేమి చిన్న కష్టం కాదు. దాని సంగతి తర్వాత చెబుతాం. ముందు పట్టించుకోవాల్సింది మధ్యలో ఊపిరి ఆగుతోందన్న మాట. నిద్రలో గొంతు కండరాలు సడలి దారి సన్నబడితే గురక వస్తుంది. దారి పూర్తిగా మూసుకుపోతే శబ్దం ఆగిపోతుంది, గాలీ ఆగిపోతుంది. దీన్ని స్లీప్ ఆప్నియా అంటారు. నిద్ర వందసార్లు తెగినా ఆయనకు గుర్తుండదు, అందుకే ఒప్పుకోవడం లేదు. తెల్లారి తలనొప్పి, పగలు కునుకుపాట్లు, తగ్గని బీపీ ఉన్నాయేమో చూడండి. చొక్కా కాలర్ 17 అంగుళాలు దాటితే అనుమానం ఇంకా బలపడుతుంది. హైవే మీద లారీ తోలే మనిషి గనక ఇందులో ఆలస్యం వద్దు.

ఆయన ఇంట్లో ఉన్న మూడు రాత్రులు ఫోన్‌లో గురక రికార్డు చేయండి. గురక ఆగిన చోట అంకెలు లెక్కపెట్టండి. పది సెకన్లు, అంతకుమించి నిశ్శబ్దం, వెంటనే ఉక్కిరిబిక్కిరై గట్టిగా ఊపిరి పీల్చడం ఉంటే రాసిపెట్టుకోండి. ఆ రికార్డు ఆయనకు ఒంటరిగా, తీరిగ్గా ఉన్నప్పుడు వినిపించండి. బంధువుల ముందు వినిపిస్తే సిగ్గుతో మొండికేస్తారు. అదే రికార్డుతో ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రి (రిమ్స్)లో ఈఎన్‌టీ (చెవి, ముక్కు, గొంతు) డాక్టరును కలవండి. నిద్ర పరీక్ష ఎక్కడ చేయించాలో వాళ్లే చెబుతారు. గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో, తగ్గిందో అందులో తేలుతుంది: 5 లోపు మామూలు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం.

సీపాప్ మిషన్ పెట్టమంటే భయపడొద్దు. మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచుతుంది, అంతే. చాలామంది మొదటి వారంలోనే మూలన పడేస్తారు. మాస్కు సైజు సరిపోక గాలి కళ్లలోకి కొట్టడం, నోరు ఎండిపోవడం ఇందుకు కారణాలు. ముందు నాలుగు రోజులు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుంటే అలవాటవుతుంది. మిషన్‌లో గాలికి తేమనిచ్చే డబ్బాలో బోరు నీళ్లు పోస్తే తెల్లటి పొర కడుతుంది, డిస్టిల్డ్ వాటరే పోయాలి. మాస్కును రోజూ ఉదయం సబ్బునీళ్లతో కడగాలి. పెట్టుకున్న రాత్రే పని చేస్తుంది, కాబట్టి లారీలోనూ వెంట ఉండాలి.

ఈలోగా పక్కకు తిరిగి పడుకోబెట్టండి. పాత టీషర్టు వీపున, రెండు భుజాల మధ్య జేబు కుట్టి టెన్నిస్ బంతి బిగించండి. వదులుగా ఉంటే జారిపోయి పని చేయదు. రెండు దిండ్లు పెడితే మెడ వంగి దారి ఇంకా మూసుకుంటుంది. బదులుగా మంచం తలవైపు కోళ్ల కింద నాలుగంగుళాల చెక్కలు పెట్టండి. మద్యం అలవాటుంటే మానేయడమే మంచిది. కనీసం పడుకునే ముందు నాలుగు గంటల్లో వద్దు, నిద్రమాత్రలు అసలే వద్దు. దుమ్ముకు ముక్కు మూసుకుపోతుంటే రాత్రి ఉప్పునీటి స్ప్రే కొట్టుకోమనండి. ముక్కు వెంటనే తెరిచే చుక్కలు మాత్రం ఐదు రోజులకు మించి వాడితే దిబ్బడ ఇంకా ముదురుతుంది. బరువు ఎక్కువుంటే పదోవంతు తగ్గినా తేడా తెలుస్తుంది. పరీక్ష అయ్యేదాకా కళ్లు మూతపడుతుంటే టీ తాగి లాగించకుండా లారీ పక్కకు ఆపి ఇరవై నిమిషాలు పడుకోవాలి. ఈ మాట మటుకు గట్టిగా చెప్పండి.

ఇక మీ నిద్ర. మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు దొరుకుతాయి. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి, వెనక్కి లాగి లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం పట్టి ఉంచండి. పైపైన పెడితే శబ్దం ఆగదు. ఆయనకంటే అరగంట ముందు పడుకోండి. అప్పటికీ నిద్ర పట్టకపోతే పిల్లల గదిలో పడుకోవడం తప్పేమీ కాదు. పడుకునే ముందు కాసేపు ఇద్దరూ కలిసి కూర్చుని మాట్లాడుకోండి. అత్తగారికి మీరు సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. రికార్డు విన్నాక 'డాక్టరుకు చూపిస్తున్నామమ్మా, అందాకా తనను నేనే అక్కడ పడుకోమన్నా' అని ఆయన్నే చెప్పమనండి.