గుర్రాల పని మొదలుపెడుతున్న మేనకోడలికి

చిన్నీ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్. "ఇంజనీరింగ్ చదివిన పిల్ల శని, ఆదివారాలు గుర్రాల లద్దె ఎత్తుతుందట. అంతా నీ పోలికే అన్నయ్యా" అంది. తిట్టిందో మెచ్చుకుందో తెలియలేదు. నాకైతే రెండు ఇడ్లీలు ఎక్కువే దిగాయి. మధ్యాహ్నం మాత్రం కునుకు పట్టలేదు.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. ధనుర్వాతం టీకా ఈ వారమే వేయించుకో. బూట్లు లేకుండా లాయంలోకి వెళ్ళకు. నెల డబ్బులు ముందే తీసుకో. అర్ధరాత్రి డాక్టర్ని పిలిస్తే ఫీజు ఎవరు కట్టాలో కాగితం మీద రాయించుకో. 6 నుంచి 8 వారాలకోసారి గిట్టలు చెక్కించి లాడాలు చూపించాలి, ఆ మనిషిని పిలిచే పని నీదా వాళ్ళదా ముందే తేల్చుకో. పగ్గం చేతికి చుట్టుకోకు. నా చిటికెన వేలు వంకర ఎందుకని చిన్నప్పుడు అడిగితే పులి కథ చెప్పేవాణ్ణి, గుర్తుందా? పులీ లేదు గిలీ లేదు. పగ్గమే.

జక్కూరులో ఒక గుర్రం, సర్జాపురలో ఇంకోటి ఒప్పుకున్నావట. బుద్ధి ఉందా? ఒకటి బెంగళూరుకి ఈ చివర, ఇంకోటి ఆ చివర. మారతహళ్ళి దాటి హెబ్బాళ చేరేసరికి నీ ఓపికే అయిపోతుంది. ఇక గుర్రాన్ని ఏం చూస్తావు?

కోప్పడుతున్నానని అనుకోకు. నేనూ నీలాగే చేశాను. పగలంతా ఒక లాయంలో పని, సాయంత్రం యలహంక వైపు ఒకాయన సొంత గుర్రం. ఎర్రటి ఆడ గుర్రం, నుదుట తెల్ల చుక్క. చుక్కమ్మా అంటే చెవులు ఇటు తిప్పేది. ఆ సాయంత్రం నాకు చివరి బస్సు తొందర. ఉలవ గుగ్గిళ్ళు తొట్టిలో పోస్తే మూతి పెట్టలేదు. ముందుకాలితో నేల గీకింది. మెడ తిప్పి డొక్క వైపు చూసుకుంది. కాసేపాగి మళ్ళీ చూసుకుంది. దోమలనుకున్నాను. కింద లద్దె లేదు. పని తగ్గిందిలే అనుకున్నాను చిన్నీ! ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

తెల్లారి వెళ్ళేసరికి కడుపునొప్పితో దొర్లుతోంది, ఒళ్ళంతా చెమట. గుర్రానికి వాంతి రాదు. కడుపులోకి పోయింది వెనక్కి రాదు. డాక్టరు ముక్కులోంచి గొట్టం వేశారు. మధ్యాహ్నం దాకా దాని మెడ పట్టుకుని కూర్చున్నాను. తర్వాత పట్టుకునే పని లేకపోయింది. యజమాని ఒక్క మాట అనలేదు, పైగా నెల జీతం పూర్తిగా ఇచ్చాడు. మీ అత్తయ్య పురిటికి వెళ్ళిన రోజులు, తీసుకున్నాను.

అందుకే పని అయ్యాక వెంటనే బండి తియ్యకు. ఒక పది నిమిషాలు ఫోన్ లోపల పెట్టి ఊరికే నిలబడి చూడు. దాణా తిన్నదా, నీళ్ళు తాగిందా, లద్దె వేసిందా. రెండు డొక్కల మీదా చెవి ఆనించు. లోపల గుడగుడ వినపడాలి. ఏ చప్పుడూ లేకపోతే భయపడు. దవడ కింద వేలు పెడితే నాడి దొరుకుతుంది. నిలకడగా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 దాకా కొట్టుకుంటుంది. 50 దాటిందా, దాణా తీసేసి డాక్టర్ని పిలువు. సొంత మందులు వద్దు. ఊరికే కంగారు పడ్డావని ఎవరైనా నవ్వితే నవ్వనీ.

సర్జాపురది వదిలెయ్. వాళ్ళకి ఫోన్ చేసి చెప్పడానికి మొహమాటమైతే నేను చెబుతాను.

గుర్రం ఒళ్ళు తోమే నా పాత ఖరారా అటక మీదుంది. పట్టీ నీ చేతికి వదులు, ఇంకో చిల్లు వేసి బిగిస్తాను. ఆదివారం గుర్రం దగ్గర నుంచి నేరుగా ఇటు రా. అత్తయ్య అప్పుడే ఉలవలు నానబోస్తానంటోంది, ఇవాళ ఇంకా గురువారమే అంటే వినడం లేదు.

మామయ్య