ఈజ్‌కనెక్టెడ్ ట్రూ అంటుంది, మెసేజ్‌లు మాత్రం రావు

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది. మీ జావా సర్వీసు స్మాక్ లైబ్రరీతో ఓపెన్‌ఫైర్ అనే చాట్ సర్వర్‌లోకి లాగిన్ అవుతుంది. ఆ రెండూ మాట్లాడుకునేది ఎక్స్ఎంపీపీ అనే చాట్ ప్రోటోకాల్‌లో, అందులో ప్రతి కబురూ ఎక్స్‌ఎంఎల్ రూపంలో వెళ్తుంది. మొదట్లో మెసేజ్‌లు బాగానే వస్తాయి. కాసేపు ఎవరూ ఏమీ పంపకుండా ఉంటే, ఆ తర్వాత పంపినవి రావు. ఎక్సెప్షన్ లేదు, కనెక్షన్ ఉందా అని చెప్పే ఈజ్‌కనెక్టెడ్ మెథడ్‌ను అడిగితే ట్రూ అంటుంది. రీస్టార్ట్ చేస్తే కొత్తవి వస్తాయి కానీ మధ్యలో పంపినవి ఎక్కడా దొరకవు.

ఇదే పరిస్థితిలో నేను దాదాపు మూడు వారాలు ఇరుక్కుపోయాను. ఒకే తప్పు ఉందనుకుని వెతకడం వల్లే అంతకాలం పట్టింది. నా కోడ్‌లో రెండు తప్పులు ఉన్నాయి. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే మీ దగ్గరా రెండూ ఉన్నాయనే నా నమ్మకం. ఒకటి మెసేజ్‌లు రాకుండా ఆపుతోంది, రెండోది ఆగినవాటిని పోగొడుతోంది.

మొదటిది చూద్దాం. మీ సర్వీసుకీ సర్వర్‌కీ మధ్య ఫైర్‌వాలో నాట్ (లోపలి ఐపీ అడ్రస్‌లను బయటి అడ్రస్‌గా మార్చడం) చేసే రౌటరో ఉంటుంది. అది ప్రతి కనెక్షన్‌నీ ఒక టేబుల్‌లో గుర్తు పెట్టుకుంటుంది. కొంతసేపు ఆ దారిలో ఏమీ నడవకపోతే ఆ వరసను తుడిచేస్తుంది. ఆ సంగతి రెండు చివర్లలో ఎవరికీ చెప్పదు. కనెక్షన్‌ను నడిపే టీసీపీ ప్రోటోకాల్ దృష్టిలో నిశ్శబ్దం తప్పు కాదు కాబట్టి మీ సాకెట్ నిశ్చింతగా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఈజ్‌కనెక్టెడ్ ట్రూ అంటే అవతలివాళ్లు బతికే ఉన్నారని కాదు, తెగిపోయిందన్న కబురు ఇంకా అందలేదని మాత్రమే.

ఈలోగా సర్వర్ వైపు ఏం జరుగుతుందో చూడండి. ఓపెన్‌ఫైర్‌లో మామూలుగా ఉండే సెట్టింగ్ ప్రకారం, 360 సెకన్లు కదలిక లేని క్లయింట్‌ను సర్వర్ తెంచేస్తుంది. తెంచే ముందు ఒక పింగ్ పంపి చూస్తుంది కానీ దారి మూసుకుపోయింది కాబట్టి జవాబు రాదు. ఆ క్షణం నుంచి సర్వర్ లెక్కలో మీరు ఆఫ్‌లైన్. మీకు వచ్చే మెసేజ్‌లన్నీ ఆఫ్‌లైన్ నిల్వలోకి పోతాయి. మీ వైపు చూస్తే ట్రూ, అడ్మిన్ కన్సోల్‌లో చూస్తే మీ సెషనే లేదు. ముందు ఈ రెండూ ఒకే సమయంలో పక్కపక్కన పెట్టి చూడండి, సగం అనుమానం అక్కడే తీరిపోతుంది.

ఇది టెస్టింగ్‌లో ఎందుకు దొరకదంటే, మనం సాధారణంగా సర్వర్‌ను ఆపి చూస్తాం. ప్రాసెస్ ఆగగానే ఆపరేటింగ్ సిస్టమ్ కనెక్షన్ మూస్తున్నట్టు ప్యాకెట్ పంపుతుంది, మన కోడ్‌కి వెంటనే తెలుస్తుంది, తెగితే మళ్లీ కలిపే స్మాక్ రీకనెక్షన్ మేనేజర్ చక్కగా పనిచేస్తుంది. నేనూ ఇలా పదిసార్లు చేసి అంతా బాగుందని నమ్మేశాను. అసలు బండారం బయటపడింది మాత్రం, లినక్స్ టెస్ట్ మెషీన్‌లో ఐపీటేబుల్స్ అనే ఫైర్‌వాల్ టూల్‌తో, క్లయింట్లు కనెక్ట్ అయ్యే 5222 పోర్టుకి రెండు దిక్కులా, ప్యాకెట్లను చప్పుడు లేకుండా పారేసే డ్రాప్ రూల్ పెట్టినప్పుడే. రిజెక్ట్ కాదు, డ్రాప్. రిజెక్ట్ పెడితే వద్దన్న జవాబు వెళ్తుంది, మనకి కావాల్సింది మౌనం. పది సెకన్లకోసారి ఈజ్‌కనెక్టెడ్ విలువ ప్రింట్ చేయిస్తూ కూర్చున్నాను. అరగంట గడిచినా ట్రూ, ట్రూ, ట్రూ. ఇలాంటప్పుడు మనం ఏదైనా పంపితే, లినక్స్ మళ్లీ మళ్లీ ప్రయత్నించి మామూలు సెట్టింగ్‌లో 15 నిమిషాలు దాటాక గానీ ఎర్రర్ ఇవ్వదు. ఏమీ పంపకుండా కేవలం వింటూ కూర్చునే సర్వీసుకి అదీ ఉండదు. అవతలివాళ్లు బతికున్నారా అని అడిగే టీసీపీ కీప్‌అలైవ్ ఉంది కదా అంటారేమో, అడిగి ఆన్ చేసుకున్నా దాని మొదటి ప్రశ్న వెళ్లేది రెండు గంటల తర్వాత.

కాబట్టి పింగ్ మనమే పెట్టుకోవాలి. స్మాక్‌లో పింగ్ మేనేజర్ ఉంది, అది ఎక్స్ఈపీ 0199 (పింగ్ కోసం ఎక్స్ఎంపీపీకి చేర్చిన ప్రమాణం) ప్రకారం సర్వర్‌ను పలకరిస్తుంది. కానీ మనం మార్చకపోతే దాని విరామం 30 నిమిషాలు. ఫైర్‌వాల్ అంతకంటే ముందే వరస తుడిచేస్తే ఆ పింగ్ ఉండీ లేనట్టే. నేను 60 సెకన్లు పెట్టాను. మెసేజ్‌లు ఎలాగూ వస్తుంటే అది అనవసరంగా పింగ్ చేయదు, లోడ్ గురించి టెన్షన్ వద్దు. ఇంకో సంగతి, పింగ్ ఫెయిలైతే లిజనర్‌కి, అంటే కబురు వినడానికి మనం తగిలించిన కోడ్‌కి, కబురు వస్తుంది, అంతే. తర్వాతి పని మనది. అక్కడ డిస్‌కనెక్ట్ పిలవకండి, అది చచ్చిన దారిలో వీడ్కోలు పంపి జవాబు కోసం ఆగుతుంది. ఇన్‌స్టంట్ షట్‌డౌన్ పిలిచి, వేరే థ్రెడ్‌లో కనెక్ట్, లాగిన్ మళ్లీ చేయండి.

ఇక రెండో తప్పు. నన్ను నిజంగా బాధపెట్టింది ఇదే, ఎందుకంటే మనుషులు పంపిన మాటలు పోయాయి. మీరు లాగిన్ పిలిచాక చాట్ మేనేజర్‌కి ఇన్‌కమింగ్ లిజనర్ తగిలిస్తున్నారా? నా కోడ్‌లో క్రమం అదే: కనెక్ట్, లాగిన్, తర్వాత లిజనర్. చదవడానికి సహజంగానే ఉంటుంది. అయితే లాగిన్ ముగిసేటప్పుడు స్మాక్ తనంతట తనే ప్రెజెన్స్‌ను, అంటే నేను ఆన్‌లైన్‌లో ఉన్నానన్న కబురును, పంపేస్తుంది. ప్రెజెన్స్ అందగానే సర్వర్ ఆఫ్‌లైన్ నిల్వ మొత్తాన్ని ఒక్క ఊపున కుమ్మరించి, తన దగ్గర తుడిచేస్తుంది. ఆ సమయానికి మన వైపు వినేవాళ్లు లేరు.

నేను డీబగర్ ఆన్ చేసి రీస్టార్ట్ చేసినప్పుడు ముడి ఎక్స్‌ఎంఎల్‌లో, అంటే సర్వర్‌తో మన మధ్య నడిచే అసలు టెక్స్ట్‌లో, కనిపించింది ఇది. ప్రెజెన్స్ వెళ్లిన వెంటనే 14 మెసేజ్‌లు వరసగా దిగాయి. ప్రతిదానిలోనూ డిలే అనే ట్యాగ్, అందులో అది మొదట పంపిన సమయం. ఆ 14 దిగిపోయాక, దాదాపు 200 మిల్లీసెకన్ల తర్వాత, లిజనర్ తగిలించామని నేనే రాసుకున్న లాగ్ లైన్ వచ్చింది. పోయాయనుకున్న మెసేజ్‌లు మా ప్రాసెస్ గుమ్మం దాకా వచ్చి పోయాయన్నమాట. లిజనర్‌ను కనెక్ట్‌కి ముందుకు జరిపితే చాలు. లేదా కాన్ఫిగరేషన్‌లో సెండ్ ప్రెజెన్స్‌ను ఫాల్స్ చేసి, మీ సర్వీసు పూర్తిగా సిద్ధమయ్యాక ప్రెజెన్స్ మీరే పంపండి. డేటాబేస్ తెరుచుకోవడానికి టైమ్ పట్టే సర్వీసులకి ఈ రెండో దారే మంచిది. మళ్లీ కనెక్ట్ అయ్యే ప్రతిసారీ కొత్త కనెక్షన్ ఆబ్జెక్ట్ చేస్తున్నారేమో కూడా చూసుకోండి, పాత ఆబ్జెక్ట్‌కి తగిలించిన లిజనర్ కొత్తదానికి రాదు.

పంపే వైపు కూడా ఇదే జాగ్రత్త కావాలి. సెండ్ పిలుపు తప్పు లేకుండా తిరిగొచ్చిందంటే మెసేజ్ క్యూలో పడిందని అర్థం, అందిందని కాదు. ఎక్స్ఈపీ 0198, అంటే స్ట్రీమ్ మేనేజ్‌మెంట్, ఆన్‌లో ఉందో లేదో సరిచూడండి. దానితో ఎన్ని అందాయో సర్వర్ లెక్క చెబుతుంది, తెగిన సెషన్‌ను తిరిగి అందుకోవచ్చు కూడా. తిరిగి అందుకున్నప్పుడు ఒకే మెసేజ్ రెండుసార్లు రావచ్చు కనుక ఐడీ చూసి రెండోదాన్ని వదిలేయండి.

ఇవన్నీ సరిచేశాక మాకు ఒక కొత్త తలనొప్పి వచ్చింది. సర్వీసు రెండు కాపీలు నడుస్తున్నాయి, రెండింటికీ ఒకే యూజర్, ఒకే రిసోర్స్ పేరు (ఒకే యూజర్ పెట్టుకున్న వేర్వేరు కనెక్షన్లను విడిగా గుర్తించే పేరు). ఒకటి లాగిన్ అయితే రెండోదాన్ని సర్వర్ కాన్‌ఫ్లిక్ట్ అని బయటికి పంపుతుంది, అది మళ్లీ వచ్చి మొదటిదాన్ని తోసేస్తుంది. మేం సొంతంగా రాసిన రీకనెక్ట్ లూప్ వల్ల ఇది రాత్రంతా సాగింది. కాన్‌ఫ్లిక్ట్ వస్తే మళ్లీ ప్రయత్నించకుండా ఆగిపోండి, రిసోర్స్ పేరు కాపీకొకటి పెట్టండి.

ఇంత చేసినా కనెక్షన్ ఠపీమని తెగుతుంటే, ముడి ఎక్స్‌ఎంఎల్‌లో నాట్ వెల్ ఫార్మ్‌డ్ (ఎక్స్‌ఎంఎల్ నియమాల ప్రకారం లేదనే ఎర్రర్) అనే మాట కోసం వెతకండి. పాత వర్డ్ ఫైళ్ల నుంచి తీసిన టెక్స్ట్‌లో 0ఎక్స్0బీ అనే కంటికి కనిపించని కంట్రోల్ క్యారెక్టర్ దాక్కుని ఉండొచ్చు. ఎక్స్‌ఎంఎల్ 1.0 దాన్ని ఒప్పుకోదు. ఆంపర్‌సాండ్ లాంటివి స్మాక్ సర్దుకుంటుంది కానీ దీన్ని సర్దదు, దాంతో సర్వర్ స్ట్రీమ్ మొత్తాన్ని మూసేస్తుంది. పంపే ముందు టాబ్, లైన్ ఫీడ్, క్యారేజ్ రిటర్న్ మినహా 0ఎక్స్20 కంటే చిన్నవన్నీ తీసేయండి.

డ్రాప్ రూల్ పెట్టి చూశాక మీ ముడి లాగ్ ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. పెట్టే ముందు ఆథ్ అని మొదలయ్యే లైన్ తప్పకుండా తీసేయండి. ప్లెయిన్ పద్ధతిలో లాగిన్ అయితే అందులో పాస్‌వర్డ్ ఉంటుంది, అది కేవలం బేస్64 రూపం, ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా ఒక్క నిమిషంలో విప్పేయగలరు.