మళ్ళీ బిట్రగుంటేనా?

అమ్మాయ్,

కింక్స్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు మీద, వాళ్ళ పాటలు రాసి పాడిన రే డేవిస్ మీద నువ్వు రాసిన వ్యాసం వచ్చి పన్నెండు రోజులైంది, చదివింది మాత్రం మొన్న రాత్రి. మొదటిసారి చదివి కోపమొచ్చి ఫోన్ పక్కన పడేసి పడుకున్నా, నిద్ర పట్టలా, లేచి లైటేసుకుని మళ్ళీ చదివా, మా ఆవిడ తిట్టింది. భాష శుభ్రంగా ఉంది, కష్టపడ్డావని తెలుస్తా ఉంది. పొగడ్త అయిపోయింది, ఇంక అసలు సంగతికొస్తా.

నాలుగో పేజీలో ఒక వాక్యం రాశావు చూడు, "చెప్పిందే చెప్పడం రే డేవిస్ బలహీనత, పాత రోజుల్ని తల్చుకుని మురిసిపోవడం దాటి ఆయన ముందుకు వెళ్ళలేకపోయాడు" అని. నన్ను పడుకోనియ్యనిది అదే. ఈ మాట నాకేం కొత్త కాదు, అందులో రే డేవిస్ పేరు కొట్టేసి నా పేరు పెడితే సరిపోద్ది, నా కథల మీద వచ్చిన ప్రతి సమీక్షలోనూ ఉంది. నా కథలన్నీ మా రైల్వే ఊరు బిట్రగుంట మీదే కదా, "మళ్ళీ బిట్రగుంటేనా సార్?" అని నవ్వుతూ అడిగిన సంపాదకులు ఇద్దరు, నవ్వకుండా అడిగినాయన ఒకడు. ఒక సంకలనం వేసినాయనైతే నా కథ తిప్పి పంపిస్తా "వస్తువైవిధ్యం లోపించింది" అని కార్డు ముక్క మీద రాశాడు. వస్తువైవిధ్యం అంట, సంతలో అంగడి పెట్టుకున్నానా నేను?

సరే నా గోల వదిలెయ్. అసలు నాకు కింక్స్ ఎట్టా తెలుసని అడిగావు కదా. మా నాన్న బిట్రగుంట లోకో షెడ్‌లో ఫైర్‌మేన్. మా క్వార్టర్స్ వెనక వరసలో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ గారి ఇల్లు, ఆదివారం చర్చి నుంచి రాగానే రికార్డు ప్లేయర్ పెట్టేవాళ్ళు, ఊళ్ళో పిలకాయలం అందరం ఫెన్సింగు పట్టుకుని వేలాడేవాళ్ళం. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఒక పాటలో మాత్రం "ఫ ఫ ఫ ఫ" అని వచ్చేది, అది మేం కూడా పాడేవాళ్ళం, దాని పేరు డేవిడ్ వాట్స్ అని నాకు తెలిసింది ముప్పై దాటాక. తర్వాత ఆ డ్రైవర్ గారి పెద్దమ్మాయి పెళ్ళి చేసుకుని పెర్త్ వెళ్ళిపోయింది, ఆ వెనకే ఇల్లంతా వెళ్ళిపోయింది. వెళ్ళేముందు రికార్డులు ఎవరికిచ్చారో తెలీదు, మాకైతే ఇవ్వలా.

ఇప్పుడు నీ వ్యాసం. నాస్టాల్జియా, వర్గ వ్యంగ్యం, కుటుంబం, సెలవులు, టీ అని సబ్ హెడ్డింగులు పెట్టి ఒక్కోదాని కింద నాలుగేసి పాటల పేర్లు సర్దావు, పచారీ కొట్టుకిచ్చే చీటీ లాగా. ఏం వస్తువులున్నాయో తెలిసింది, ఆ ఇంట్లో ఎవరు తింటారో తెలీలా. మళ్ళీ మళ్ళీ ఏం రాశాడు అని లెక్క వేశావే గానీ మళ్ళీ మళ్ళీ అక్కడికే ఎందుకు పోతున్నాడని ఒక్కసారైనా అడిగావా? మనిషి ఒకే సందులో తిరుగుతున్నాడంటే అక్కడ ఏదో పారేసుకున్నాడమ్మా, దారి తెలీక కాదు.

ఆ విలేజ్ గ్రీన్ ప్రిజర్వేషన్ సొసైటీ రికార్డునే తీసుకో, నీ నాస్టాల్జియా సెక్షన్ అంతా దాని మీదే నిలబెట్టావు కాబట్టి. 1968 నవంబర్ 22న వచ్చింది, అదే రోజు బీటిల్స్ వాళ్ళ తెల్ల అట్ట డబుల్ ఆల్బం కూడా వచ్చింది, ఇంక దీన్నెవరు చూస్తారు, చార్టుల్లోకే ఎక్కలా. అప్పటికి రే డేవిస్ వయసెంత? 24. ఏ పాత రోజులమ్మా అవి, 24 ఏళ్ళోడికి? చుట్టుపక్కల అందరూ విప్లవం గురించీ మత్తు గురించీ పాడతా ఉంటే ఈయన ముసలాడి గొంతు తెచ్చిపెట్టుకుని పింగాణీ కప్పుల్నీ స్ట్రాబెర్రీ జామునీ బిలియర్డ్స్‌నీ కాపాడాలి అని జాబితా చదివాడు, ఆ జాబితాలో డోనాల్డ్ డక్ కూడా ఉంది. అమెరికా కార్టూను బాతు ఇంగ్లండు పల్లె సంప్రదాయం ఎప్పుడైంది? అక్కడ నవ్వాలి నువ్వు. నవ్వకుండా "గ్రామీణ విలువల పట్ల ప్రేమ" అని రాసి పక్క పేరాలోకి వెళ్ళిపోయావు.

అదే రికార్డులో వాల్టర్ పాట విను. చిన్ననాటి స్నేహితుణ్ణి తలుచుకుంటాడు, కలిసి పడవ కొనుక్కుని సముద్రం మీద వెళ్ళిపోదామనుకున్నారు, సరే. కానీ వాల్టర్ ఇప్పుడు లావెక్కి పెళ్ళి చేసుకుని రాత్రి ఎనిమిదిన్నరకల్లా పడుకుంటుంటాడు, కనపడినా నాతో మాట్లాడడానికేం ఉండదు అంటాడు. మురిసిపోవడం ఎక్కడుంది ఇందులో? ఫొటోల మీద రెండు పాటలున్నాయి, మొదట్లో పిక్చర్ బుక్, ఫొటో ఆల్బం తిరగేస్తా హుషారుగా పాడతాడు. రికార్డు చిట్టచివరి పాట మళ్ళీ ఫొటోలే, జనం ఒకళ్ళనొకళ్ళు ఫొటోలు తీసుకునేది తాము నిజంగా ఉన్నామని రుజువు కోసం అంటాడు, అని అని ఆఖరికి ఇంక చాలు నాకు చూపించొద్దు అని బతిమాలతాడు. పదిహేను పాటలు పాత ఆల్బం చూపించి చివర్లో కళ్ళు మూసుకున్న మనిషిని పట్టుకుని ముందుకెళ్ళలేకపోయాడు అంటావా. ఇంకా ఆవిరి బండి పాట ఉంది, లోకో షెడ్ మసిలో పెరిగినోడిని కాబట్టి అది నాది అనుకుంటా. ఆ ఇంజిన్ తన స్నేహితులందరూ మర్యాదస్తులైపోయారని ఎగతాళి చేస్తది, తీరా తనుండేది ఎక్కడా అంటే మ్యూజియంలో. బిట్రగుంటలో ఆవిరి ఇంజిన్లు పోయాక షెడ్ ఎట్టా అయిందో చూసినోడికి ఆ పాట వింటే నవ్వూ రాదు ఏడుపూ రాదు.

వర్గ వ్యంగ్యం గురించి నాకు పెద్దగా పేచీ లేదు. వెల్ రెస్పెక్టెడ్ మేన్ పాట కుర్రతనం, షాంగ్రి-లా పాట పెద్దరికం, మధ్యలో నాలుగేళ్ళు. మొదటిదాంట్లో టైముకి ఆఫీసుకెళ్ళే బాబుని ఆడిపోసుకున్నాడు, రెండోదాంట్లో అప్పు చేసి చిన్న ఇల్లు కొనుక్కుని కుర్చీలో కూలబడిన ముసలాయన్ని అట్టాగే మొదలెట్టి చివరికి జాలిపడ్డాడు, అంతే నేను చెప్పేది. టీ పేరా బాగుంది, దాన్ని ముట్టుకోవద్దు.

అమెరికా నిషేధం గురించి రెండు లైన్లలో తేల్చేశావు. 1965 నుంచి 1969 దాకా అక్కడి సంగీతకారుల యూనియన్ కింక్స్‌కి పర్మిట్లు ఇవ్వలా, కారణం ఇదీ అని ఎవరూ తేల్చి చెప్పలా. కొట్టుకోవడం మాత్రం మామూలే వాళ్ళకి, 1965లోనే కార్డిఫ్‌లో స్టేజీ మీద డ్రమ్మర్ మిక్ ఏవరీ, గిటారు వాయించే రే తమ్ముడు డేవ్ తల పగలగొట్టాడు. యూ రియల్లీ గాట్ మీ పాట కోసం ఆంప్లిఫయర్ స్పీకర్‌ని బ్లేడుతో కోసిన పిల్లాడు డేవ్, వాడితో ఎవరికి కుదురుద్ది. సరే, తోటివాళ్ళంతా అమెరికాలో డబ్బు చేసుకుంటుంటే వీళ్ళు ఇంట్లో కూర్చున్నారు. కూర్చుంటే ఏం కనపడుద్ది? పక్కింటి తోటమాలి, ఆదివారం మాంసం కూర, శనివారం ఫుట్‌బాల్, నది. ఆటమ్ ఆల్మనాక్, వాటర్లూ సన్‌సెట్ రెండూ 1967లోవే. గేటు మూసినందుకు వచ్చిన పాటలు అవి. నాకు పెద్ద పత్రికలు గేటు మూసిన పదకొండేళ్ళలో నేను రాసినవే కాస్త నిలబడ్డాయని నా నమ్మకం, నువ్వు ఒప్పుకోకపోయినా పర్లేదు.

పత్రిక అంటే గుర్తొచ్చింది. లోలా పాటలో కోకా కోలా అని కంపెనీ పేరుందని బీబీసీ వాళ్ళు ఆ పాట మేం వెయ్యం అంటే, ఆ ఒక్క మాటని చెర్రీ కోలాగా మార్చి పాడడానికి అమెరికా టూర్ మధ్యలో రే డేవిస్ లండన్‌కి విమానమెక్కి వచ్చాడు, 1970 సంగతి. ఒక్క మాట కోసం సముద్రం దాటి రావాల్సొచ్చింది, కానీ మార్చింది తనే. నా కథ ఒకటి అచ్చులో వచ్చాక చూసుకుంటే "బిట్రగుంట" అని ఉన్నచోటల్లా "ఒక చిన్న రైల్వే స్టేషన్" అని ఉంది. పదిహేడు చోట్ల. ఫోన్ చేసి అడిగితే పాఠకులకి తెలీని ఊరు కదండీ అన్నాడాయన. తెలియకపోతే టికెట్ కొనుక్కుని రమ్మను, నేనే ఇస్తాను, కౌంటర్‌లో ఉండేది నేనే కదా అన్నా. ఆ తర్వాత ఆ పత్రికలో నా కథ ఇంకోటి పడలా.

ఇప్పుడు నన్ను రెండోసారి చదివించిన వాక్యం గురించి. తొమ్మిదో పేజీలో, బ్రాకెట్లో, క్షమాపణ చెప్పుకున్నట్టు పెట్టావు: "వాటర్లూ సన్‌సెట్ నేను మొదటిసారి విన్నది అమీర్‌పేట హాస్టల్ కిటికీ దగ్గర నిలబడి, మెట్రో స్టేషన్ మెట్ల మీద జనాన్ని చూస్తూ." ఇంత మంచి వాక్యాన్ని బ్రాకెట్లో పెట్టి దాచిపెట్టే బుద్ధి ఎవరు నేర్పించారు నీకు, కాలేజీలోనా? ఆ పాట నడిచేదే కిటికీలోంచి. టెర్రీ, జూలీ శుక్రవారం రాత్రి స్టేషన్ దగ్గర కలుసుకుని నది దాటి వెళ్ళిపోతారు, పాడేవాడు మాత్రం గది దాటి బయటికి రాడు, నాకు స్నేహితులక్కర్లేదు చూస్తుంటే చాలు అంటాడు. చిన్నప్పుడు సెయింట్ థామస్ ఆసుపత్రిలో జబ్బుగా ఉన్నప్పుడు ఆ థేమ్స్ నదిని చూస్తా ఉండిపోయిన పిల్లాడు వాడు. కిటికీ, ఫొటో, ఫెన్సింగు, ఏదో ఒకటి మధ్యలో అడ్డం ఉండాల్సిందే ఈయనకి, అవతలేమో బతుకు జరుగుతా ఉంటది. నీ సబ్ హెడ్డింగుల్లో ఇది లేదు, ఇది ఒక్కటుంటే మిగతావన్నీ దీని చుట్టూ వచ్చి కూర్చునేవి.

ఇంకొకటి, కుటుంబం సెక్షన్లో అన్నదమ్ముల గొడవలే రాశావు. అక్కలేరి? ఆ ఇంట్లో ఆరుగురు అక్కలు, వాళ్ళ తర్వాత వీళ్ళిద్దరు మగపిల్లలు. రోజీ అక్క భర్త ఆర్థర్‌తో కలిసి ఆస్ట్రేలియా వెళ్ళిపోతే ఇంటికి వచ్చెయ్యమని 1966లో పాట కట్టాడు, మూడేళ్ళకి ఆ బావ పేరు మీద ఏకంగా ఒక ఆల్బమే తీశాడు. (నేను ఆ పాట విన్నప్పుడల్లా నాకు పెర్త్ వెళ్ళినమ్మాయే గుర్తొస్తది, ఆమె నా మొహం కూడా ఎరగదు.) ఇంకో అక్క రీన్. గుండె జబ్బు మనిషి, అయినా డాన్సంటే ప్రాణం. 1957లో తమ్ముడి పదమూడో పుట్టినరోజుకి గిటారు కొనిచ్చింది, ఆ రాత్రే లండన్‌లో ఒక డాన్స్ హాల్లో నాట్యం చేస్తా కుప్పకూలి చనిపోయింది. ఆమె పాట ఎప్పుడు రాశాడో చూడు. కమ్ డాన్సింగ్, 1982. పాతికేళ్ళు! అదీ ఏడుపు పాట కాదు, పెళ్ళిలో బ్యాండు మేళం వాయించేలాంటి పాట. అందులో డాన్స్ హాల్ పడగొట్టేస్తారు, కానీ అక్క చావదు, ఆమెకి పెళ్ళవుద్ది, కూతుళ్ళు పుడతారు, ఒకప్పుడు వాళ్ళమ్మ ఈమె కోసం మెలకువగా కూర్చున్నట్టే ఇప్పుడు ఈమె కూతుళ్ళ కోసం కూర్చుంటది. పాతికేళ్ళు తిరిగి తిరిగి అక్కని బతికించుకున్నాడు. దీన్ని నువ్వు ఏ హెడ్డింగు కింద పెడతావు, సెలవులు కిందా?

నా సంగతి ఒకటి చెప్తా, ఎవరితో అనొద్దు. 41 కథలు రాశాను, అన్నీ బిట్రగుంటే, అన్నిట్లో షెడ్ ఉంది, బొగ్గు ఉంది, అల్యూమినియం టిఫిన్ క్యారియర్ ఉంది. పోయిన ఉగాదికి మా ఆవిడ పుస్తకం మొత్తం చదివి "మావయ్య గారు ఏ కథలోనూ లేరేమండీ" అంది. లేనే లేడు. ఆ క్యారియర్ మోసిన మనిషి ఒక్క కథలోనూ లేడు. వస్తువైవిధ్యం అడిగిన పెద్దలెవరూ ఇది కనిపెట్టలా. ఇప్పుడు నాకు అరవై ఎనిమిది, రాస్తానో లేదో చూద్దాం.

నువ్వు అడిగిన మిగతా ప్రశ్నల్లో కలం పేరు గురించి నాకేం తెలీదు, ఏ పత్రికకి పంపాలో నన్నా అడిగేది? పుస్తకం గురించి తర్వాత మాట్లాడదాం. ముందు ఆ సబ్ హెడ్డింగులు పీకేసి తొమ్మిదో పేజీ బ్రాకెట్ నుంచి మొదలుపెట్టి రాయి. ఆ కిటికీలోంచి రైలు కనపడుద్దా, లేకపోతే మెట్లు దిగే జనమేనా? ఏ టైములో ఎక్కువ నిలబడేదానివి? అక్కడ నీతోపాటు ఇంకెవరైనా ఉండేవాళ్ళా? ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టి పంపు.

ఉంటా.

తా.క. సీ మై ఫ్రెండ్స్ మర్చిపోయావు. 1965 మొదట్లో ఆస్ట్రేలియా పోతా పోతా బొంబాయిలో ఆగినప్పుడు తెల్లారుజామున సముద్రం ఒడ్డున జాలర్లు పాడుకుంటా పనికి పోతుంటే విని, ఆ హమ్మింగు తలలో తిరుగుతుంటే కట్టిన పాట. సితారు లేదు, గిటారుతోనే తంబూరా శ్రుతిలాగా లాగించారు, బీటిల్స్ వాళ్ళు సితారు పట్టుకోక ముందే. పదకొండు పేజీలు రాశావు, మన గాలి సోకిన పాట పేరు ఒక్కసారి కూడా రాలేదు.