ప్రయాణంలో ల్యాప్‌టాప్‌కి తగిలించే చిన్న లైటు కొంటే కళ్లు లాగడం తగ్గుతుందా?

రైల్లో అయితే తగ్గుతుంది. బస్సులో అయితే డబ్బు దండగ. రాత్రి ప్రయాణాల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే కళ్లు లాగుతున్నాయి, పోర్టబుల్ లైటు కొనమంటారా అని కదా మీరు అడిగింది? కొనండి. కానీ దాని వెలుగు ఎక్కడ పడాలో తెలియకుండా కొంటే ఉన్న నొప్పికి ఇంకో నొప్పి తోడవుతుంది.

నేనుండేది విజయనగరంలో, మూడు లాంతర్ల కూడలి దగ్గర. దీపాల గురించి మాట్లాడడానికి ఆ మాత్రం అర్హత చాలనుకుంటాను. శ్రీకాకుళం జిల్లా పలాసలో కొందరు జీడిపప్పు వ్యాపారులకు లెక్కలు రాస్తాను. నెల అమ్మకాలు, పన్ను లెక్క చెప్పే జీఎస్టీ 3బి రిటర్నును నెలవారీగా వేసేవాళ్లకు గడువు 20వ తేదీ. ఈ సంగతి వాళ్లందరికీ నాకంటే బాగా తెలుసు. అయినా బిల్లుల కవరు నా చేతికి వచ్చేది 20 సాయంత్రమే, అదీ ఒక్కోసారి పలాస స్టేషన్లో ప్లాట్‌ఫారం మీద. ఆలస్యమైతే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ. అవి పడితే తిట్లు మాత్రం నాకు.

నన్నెవరూ తరమకుండా గడిచిన గడువు నాకు తెలిసి ఒక్కటే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ తీరప్రాంతమైన ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు నేలకూలాయి. ఊళ్లకు ఊళ్లే రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలల 3బి గడువును శ్రీకాకుళం జిల్లావాళ్లకు నవంబరు 30 దాకా పెంచారు. ఈ లైటు నేను కొన్నది అప్పుడే. పవర్ బ్యాంకుకి గుచ్చుకుని వాడుకుందామని తీసుకున్నదే గానీ, అసలు ల్యాప్‌టాప్ కోసం కాదు.

దాని విలువ తెలిసింది ఆ తర్వాత ఒక 20వ తేదీ రాత్రి. పలాస నుంచి ఇంటికి వస్తుంటే స్లీపర్లో సైడ్ లోయర్ దొరికింది. ఒళ్లో బ్యాగు, బ్యాగు మీద ల్యాప్‌టాప్, పక్కన బిల్లులు. రిబ్బను అరిగిపోయిన ప్రింటర్‌తో కొట్టిన బిల్లులవి. ఒక కాగితం మీద ఉన్నది 3నా 8నా అని పట్టపగలు చూసినా తేలదు. వ్యాపారం కోట్లలో చేస్తారు, వందో రెండొందలో పెట్టి కొత్త రిబ్బను మాత్రం కొనరు. పది కాగానే పడుకునేవాళ్లు లైట్లు ఆపేశారు. రూలు కూడా అదే కాబట్టి అనడానికి లేదు. అదే రూలు ప్రకారం ఇయర్‌ఫోన్స్ లేకుండా వీడియోలు పెట్టకూడదు. నా నెత్తి మీద బెర్తు కుర్రాడికి ఆ సగం గుర్తు లేదు.

చీకట్లో తెర వెలుగు సూటిగా కళ్లలోకి కొట్టడం మొదలైంది. తెర చూసి బిల్లు వైపు తిరిగితే కాగితం కనబడదు. కాస్త అలవాటయ్యాక మళ్లీ తెర వైపు తిరిగితే కళ్లు జిగేల్‌మంటాయి. కోటబొమ్మాళి దాటేసరికి కనుబొమ్మల మీద పోటు, కళ్లలో నీళ్లు. బ్యాగులో లైటు ఉందని గుర్తొచ్చి తీసి తెర మీద అంచుకి క్లిప్పు పెట్టి వెలిగించాను. మధ్య బెర్తులో పడుకున్నాయన మొహం మీదే పడింది వెలుగు. ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను.

ఎదురు లోయర్ బెర్తులో ఒక ముసలావిడ నిద్రపట్టక నన్నే చూస్తోంది. పలాసలో జీడి ఫ్యాక్టరీలో పప్పు ఏరే పని చేసి మానేసిందట, విశాఖపట్నంలో కూతురి దగ్గరికి వెళ్తోంది.

"ఏటి బాబూ, దీపం కళ్లకెట్టుకుంటావేటి? పప్పు మీద పడాల గానీ" అంది.

"పప్పు కాదు మామ్మా, కాగితాలు" అన్నాను.

"ఏదైతే ఏటి? మాకు లైటు బల్ల మీదకి యేలాడేసీవోరు. కళ్లకి ఎదురుగా ఉంటే గుండు పప్పేదో బద్దేదో తెలీదు. కిందకి వొంచు" అంది.

క్లిప్పు తీసి తెర అంచు నుంచి బ్యాగు పట్టీకి మార్చాను. లైటు మెడ పూర్తిగా కిందికి వంచితే వెలుగు బిల్లుల మీద, కీబోర్డు మీద మాత్రమే పడింది. తెరలో దాని ప్రతిబింబం లేదు, మధ్య బెర్తాయనకు ఇబ్బంది లేదు. అప్పుడు తెర వెలుగు సగానికి పైగా తగ్గించాను. ఆ తగ్గించడమే అసలు మందు. చుట్టూ చీకటిగా ఉంటే తెర తగ్గించుకోవచ్చు గానీ పక్కనున్న కాగితం కనబడదు. కాగితం మీద కాస్త వెలుగు ఉంటే తెరకీ కాగితానికీ తేడా తగ్గుతుంది, కంటికి ఆ సర్దుబాటు పని తప్పుతుంది. నెల్లిమర్ల వచ్చేలోపు రిటర్ను ఫైల్ అయింది. ఆ వెలుగులోనే మామ్మ ఒక బిల్లు మీదికి వంగి "240 అంటే పెద్ద పప్పు, ధర సరిగ్గా ఏసినాడా?" అని ఆరా కూడా తీసింది. పౌనుకు సుమారు 240 పప్పులు తూగే రకం అది. ఆవిడని లెక్కల్లో అసిస్టెంటుగా పెట్టుకోవచ్చనిపించింది.

ఇక అందరూ నాకు చెప్పే సలహా, తెర నుంచి వచ్చే నీలం వెలుగును ఆపుతాయనే బ్లూ కట్ కళ్లద్దాలు. మా ఊళ్లో ఒక కళ్లద్దాల షాపులో నీలం టార్చి కొట్టి, అద్దం దాన్ని ఎలా ఆపుతుందో చూపించి అమ్ముతారు. టార్చి నీలాన్ని ఆపితే నా కళ్లకు ఒరిగేదేమిటి? వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2023లో 17 ప్రయోగాల ఫలితాలు కలిపి చూసింది. కంప్యూటర్ వల్ల వచ్చే కంటి అలసట విషయంలో, కొద్దికాలపు వాడకంలో అయితే, మామూలు అద్దాలకీ వీటికీ తేడా ఉన్నట్టు లేదనే తేల్చింది. నలభై దాటినవాళ్లలో సగం గొడవ చత్వారమేనని నా గట్టి నమ్మకం. దగ్గరి చూపుకి సరైన పవర్ పెట్టించుకోకుండా లైట్లు, నీలం అద్దాలు కొంటూ పోతే ఏం లాభం? మీ వయసు మీరు రాయలేదు. నలభై దగ్గర పడి ఉంటే ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంకో దొంగ, గాలి. తెర చూస్తున్నప్పుడు రెప్పలు ఆర్పడం బాగా తగ్గిపోతుంది. దానికి స్లీపర్ కిటికీ గాలి, నెత్తి మీద ఫ్యాను తోడైతే కళ్లు ఎండిపోయి మంట పుడతాయి. దానికి ఏ లైటూ పనికిరాదు. కిటికీ వైపు వీపు పెట్టి కూర్చోండి, మధ్యమధ్య తెర వదిలేసి దూరంగా చూడండి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమంటారు. రాత్రి రైల్లో అంత దూరాన కనబడేది బోగీ చివర బాత్రూమ్ తలుపే, అదైనా సరే.

బస్సు సంగతి ముందే చెప్పాను. విజయనగరం నుంచి పాలకొండ వైపు బస్సెక్కి ల్యాప్‌టాప్ తెరిచే ధైర్యం నాకు లేదు. అక్కడ కళ్లు లాగేది వెలుగు లేక కాదు, అక్షరం ఒకచోట నిలవక. లైటు కూడా తెరతో పాటే ఊగుతుంది, కాసేపటికి కడుపులో తిప్పుతుంది. మూసేసి పడుకోండి.

కొనేటప్పుడు షాపులోనే వెలిగించి, వెలుగు తగ్గించి, ఫోన్ కెమెరాలోంచి చూడండి. నల్లచారలు పాకుతుంటే అది మినుకుమినుకుమంటున్నట్టే, వద్దనండి. ఒక్క తెల్ల వెలుగే ఉన్నది వద్దు, పసుపు, తెలుపు మార్చుకునేది తీసుకోండి.  కరెంటు గురించి టెన్షన్ అక్కర్లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేదే రెండున్నర వాట్లు, ల్యాప్‌టాప్ బ్యాటరీకి అది పెద్ద భారం కాదు. అయినా పవర్ బ్యాంకు దగ్గరుంచుకోండి, ఎందుకంటే రాత్రిపూట చాలా రైళ్లలో చార్జింగ్ పాయింట్లు పనిచేయవు. తెర నెత్తిన కూర్చోబెట్టే బార్ లైట్లు చూడ్డానికి బాగుంటాయి గానీ, రైలు కుదుపులకు ఆ బరువుతో మూత వెనక్కి వాలిపోతుంది, పైగా కెమెరాకి అడ్డం. క్లిప్పు ఉన్నదే తీసుకోండి, మెడ ఎటు తిప్పితే అటు నిలబడేది.